దల్లెకి దారి వినబడాలి

దేగ్వాల్యోంగ్ కనుమ దిగువన ఉన్న ఆ ఊళ్ళో ఓక్‌నామ్ గొంతు తెలియనివాళ్ళు లేరు. చలికాలమంతా మంచులో గడ్డకడుతూ, ఎండకి కరుగుతూ పసుపురంగుకి తిరిగే హ్వాంగ్‌తే చేపల్ని కొయ్యపందిళ్ళకి వేలాడదీయడం ఆమె పని. నలభై ఏళ్ళుగా ఆ పందిళ్ళ మధ్య, ఈదురుగాలిలో, ఈ చివర నుంచి ఆ చివరకి కేకలేసి మాట్లాడీ మాట్లాడీ గొంతు అలా తయారైంది. ఊరి మైకు పాడైనప్పుడు ఊరిపెద్ద మరమ్మతు చేసేవాడి కోసం చూడకుండా నేరుగా ఆమె ఇంటికే వచ్చేవాడు. మహిళా సంఘానికి పదకొండేళ్ళుగా ఆమే అధ్యక్షురాలు. సంఘం వాళ్ళ వాద్యబృందంలో ముందు నడిచి జేగంట కొట్టేదీ ఆమే.

ఆ ఏడు మార్చిలో పారాలింపిక్స్ వాళ్ళ కొండల్లోకే వచ్చాయి. దేశం తరఫున స్కీ పందేల్లో దిగుతున్నవాళ్ళలో ఓక్‌నామ్ కూతురు ఒకతె. పేరు దల్లె, ఇంటిపేరు జిన్. రెండూ కలిపి పలికితే వసంతంలో ఆ కొండల మీద పూసే గులాబిరంగు పువ్వు పేరవుతుంది. అది వాళ్ళ నాన్న చేసిన కొంటెపని. ఆయన పోయి ఆరేళ్ళయినా, ముప్పై నాలుగేళ్ళ మనిషిని ఊరంతా ఇప్పటికీ పూలపిల్ల అనే పిలుస్తుంది.

దల్లెకి తొమ్మిదో ఏట చూపు మసకబారడం మొదలైంది. పదిహేనో ఏటికి వెలుగూ చీకటీ తేడా కూడా పోయింది. చూపు మసకబారినప్పటినుంచే ఓక్‌నామ్ నాలుగడుగులు ముందు నడుస్తూ దారి పొడుగునా చెబుతూనే ఉండేది. రాయి. మెట్టు. జారుడు. తల వంచు, చేపలు తగుల్తాయి. పిల్ల తూలితే చాలు, పడకముందే పరుగెత్తుకొచ్చి పట్టుకునేది. ఇరవై ఏడేళ్ళొచ్చి, వోన్‌జులో మర్దనా చేసే పనిలో కుదురుకున్నాక దల్లె ఒకరోజు ఇంటికొచ్చి, మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటానంది.

“గోడకి గుద్దుకుంటే?” అంది ఓక్‌నామ్.

“మంచులో గోడలుండవమ్మా.”

“చెట్లుంటాయి. నేనూ వస్తా. పక్కన పరిగెడుతూ చెబుతా.”

దల్లె మెల్లగా, “నువ్వు పక్కనుంటే నా కాళ్ళ చప్పుడు నాకు వినబడదమ్మా,” అంది.

ఆ మాటకి ఓక్‌నామ్ నెల్లాళ్ళు కూతురితో మాట్లాడలేదు. తర్వాత మామూలైపోయింది. కానీ ఏడేళ్ళలో ఒక్కసారి కూడా కూతురు స్కీ చేయడం చూడ్డానికి వెళ్ళలేదు. ఇప్పుడు పందెం ఇంటిముందుకే వచ్చింది కాబట్టి వెళ్ళాలి. వెళ్ళాలంటే జేగంట పట్టుకునే వెళ్ళాలి.

మొదటి పందెం పదిహేను కిలోమీటర్లు. అడవిలోకి వెళ్ళి, వాలు దిగి, ఎడమకి తిరిగి, జనం కూర్చున్న మెట్ల ముందునుంచి మళ్ళీ అడవిలోకి పోవాలి. అలా ఐదు చుట్లు. దల్లెకి ముందుగా యున్‌సోల్ అనే పాతికేళ్ళ పిల్ల స్కీ మీద వెళ్తుంది. నడుముకి చిన్న స్పీకరు కట్టుకుని, నోటిదగ్గర మైకు పెట్టుకుని, వెనకొచ్చే దల్లెకి దారి చెబుతూ పోతుంది. దల్లె ఆ గొంతు వెంట పోతుంది. అంతకుమించి దల్లెకి ఆధారం లేదు.

మొదటి రెండు చుట్లూ ఊరి ఆడవాళ్ళు దల్లెని గుర్తుపట్టలేకపోయారు. అందరూ ఒంటికి అతుక్కునే ఒకే రకం బట్టల్లో ఉన్నారు, కళ్ళకి నల్లటి అద్దాలు. మూడో చుట్టులో డోలు వాయించే బొంగ్‌రే, ఓక్‌నామ్ కన్నా మూడేళ్ళు పెద్దది, కళ్ళు చికిలించి చూసి, “అదిగదిగో, నడుం ఊపడం చూడవే, అచ్చం వాళ్ళ నాన్నే,” అంది. అంతే. నలభైమంది ఆడవాళ్ళు, ఆరు డోళ్ళు, మూడు పెద్ద గంటలు, ఓక్‌నామ్ జేగంట ఒక్కసారిగా మోగాయి. వెనకాల కూర్చున్న బడిపిల్లలు కూడా అందుకున్నారు. జిన్ దల్లె, జిన్ దల్లె అని కొండ మారుమోగింది.

వాలు మీద యున్‌సోల్ ఎడమకి తిరిగింది. దల్లె తిరగలేదు. నేరుగా వచ్చి కంచెకి కట్టిన పరుపుల్లోకి దూసుకుపోయింది.

ఆడవాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు. లే, పూలపిల్లా, లే అని. దల్లె మోకాళ్ళ మీద లేచి, తల అటూ ఇటూ తిప్పుతూ, చేతులు చాచి గాలిలో దేనికోసమో వెతికింది. యున్‌సోల్ వెనక్కొచ్చి ఆమె భుజం పట్టుకునేదాకా అలాగే ఉంది. ఓక్‌నామ్ చేతిలో జేగంట మాత్రం ఆగలేదు.

ఆ రోజు దల్లె చివరినుంచి రెండోది. పందెం అయ్యాక కంచె అవతలినుంచి, “కర్ర ఇరుక్కుందమ్మా, అంతే,” అంది నవ్వుతూ. “మీ చప్పుడు బాగుంది. కొండ అదిరిపోయింది.”

“చూశారా,” అంది బొంగ్‌రే తిరిగొచ్చేటప్పుడు బస్సులో. “చివర్లో మనం కాస్త తగ్గించాం. అందుకే ఊపు పోయింది పిల్లకి. ఈసారి గుడిలోంచి పెద్ద డోలు తెద్దాం.”

రెండ్రోజుల తర్వాత ఓక్‌నామ్ హ్వాంగ్‌తే పులుసు కాచి, వేడి చల్లారని గిన్నెలో పోసుకుని, క్రీడాకారుల బంధువులు కలుసుకునే హాలుకి వెళ్ళింది. దల్లె ఇంకా మర్దనా గదిలో ఉందని యున్‌సోల్ ఒక్కతే వచ్చింది. వంగి దణ్ణం పెట్టి ఏదో అంది. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు.

“ఏమ్మా, జలుబు చేసిందా?”

యున్‌సోల్ తల అడ్డంగా ఊపింది. గుసగుసగా, “లేదు పెద్దమ్మా, తగ్గిపోతుంది. ఎల్లుండికి వచ్చేస్తుందన్నారు డాక్టరు గారు,” అంది.

“మరి గొంతుకేమైంది?”

“అరిచాను కొంచెం.”

“మైకుంది కదా. ఎందుకు అరవడం?”

యున్‌సోల్ పులుసు గిన్నె మూత సరిచేస్తూ కూర్చుంది. ఆ పిల్ల నోరు విప్పదని ఓక్‌నామ్‌కి అర్థమైంది. ఎవరో విప్పొద్దన్నారని కూడా అర్థమైంది. ఆ తర్వాత మిగతాది కూడా తెలిసిపోయింది. నోరు తెరిచి గాలిలో చేతులు చాచిన కూతురు మళ్ళీ కళ్ళముందు కనబడింది. అది లేవలేక వెతుక్కోవడం కాదు. వినబడక వెతుక్కోవడం. నలభైమంది కలిసి దాని దారి చెరిపేస్తుంటే, ముందు నిలబడి తనే తాళం వేసింది.

“మావల్లనేనా?” అంది.

“మీరు ప్రేమతోనే కదా పెద్దమ్మా,” అంది యున్‌సోల్, ఆ రాని గొంతుతోనే. “అక్క చెప్పొద్దంది. నా జన్మలో మా అమ్మ ఇంత సంతోషంగా అరవడం వినలేదే, ఒక్క పందెం పోతే పోయిందిలే అంది. నేను చెప్పానని అక్కతో అనకండి.”

ఓక్‌నామ్ కూతురొచ్చేదాకా ఉండలేదు. గిన్నె అక్కడే పెట్టి, పందిట్లో పనుందని చెప్పమని వచ్చేసింది. బస్సు దిగాక ఇంటికి పోకుండా ఊరి హాలుకి వెళ్ళింది. నేల వెచ్చగా ఉన్న గదిలో ఆడవాళ్ళందరూ కాళ్ళు చాపుకుని కూర్చుని గుడ్డ మీద అక్షరాలు అంటిస్తున్నారు. గుడి డోలు అప్పటికే మూలకి చేరింది.

ఆమె నిలబడే చెప్పింది. చాలా చిన్న గొంతుతో చెప్పింది. అంత చిన్న గొంతు ఆమెకుందని అక్కడెవరికీ తెలియదు.

“అంటే ఏంటే,” అంది బొంగ్‌రే. “నోరు మూసుకుని కూర్చోవాలా? చావింటికి వెళ్ళినా ఏడవనిస్తారు కదే.”

“కూర్చోవాలక్కా. వాళ్ళిద్దరూ మన ముందు దాటేదాకా ఊపిరి చప్పుడు కూడా కాకూడదు. దాటి, గీత దగ్గరికి చేరాక ఏడుస్తావో ఎగురుతావో నీ ఇష్టం.”

“నావల్ల కాదు. నేను చర్చిలో కూడా మాట్లాడతాను.”

“అది అందరికీ తెలుసు,” అంది ఇంకొకావిడ. గదిలో నవ్వులు లేచాయి.

ఓక్‌నామ్ నవ్వలేదు. గోడకున్న టీవీలో పాత పందెం పెట్టించి, ఒక్కొక్కరికీ ఎండుచేప ముక్క పంచింది. నోట్లో పెట్టుకుని నములుతూ ఉండమంది. మొదటిసారి బొంగ్‌రే ఇరవై లెక్కపెట్టేలోపే, “అయ్యో, పడ్డాడు,” అంది. రెండోసారి టీవీలో మనిషి పడకుండానే అంది. ఐదోసారికి గది నిశ్శబ్దమైంది, నమిలే చప్పుడు తప్ప. ఎవరి చేతులూ ఊరుకోవడం లేదు కాబట్టి రంగుగుడ్డలు ఊపుకోవచ్చని తీర్మానించారు.

“ఊపితే పిల్లకి కనబడుతుందా?” అంది బొంగ్‌రే.

“కనబడదు.”

“మరెందుకు?”

“మన చేతులకి,” అంది ఓక్‌నామ్.

బయటివాళ్ళ సంగతేమిటన్న ప్రశ్న వచ్చింది. మెట్ల మీద వాళ్ళొక్కళ్ళే ఉండరు కదా. బొంగ్‌రే మనవరాలి చేత తలుపంత అట్ట మీద రాయించారు. నా కూతురికి దారి వినబడాలి, దయచేసి నిశ్శబ్దంగా ఉండండి. కింద అదే మాట ఇంగ్లీషులో. ఆ పిల్ల పక్కన చెవి బొమ్మ కూడా గీసింది. అది బంగాళాదుంపలా వచ్చింది గానీ ఎవరూ చెరపనివ్వలేదు.

రెండో పందెం ఏడున్నర కిలోమీటర్లు. ఎండ బాగా కాసింది. మార్చి మంచు అప్పటికే మెత్తబడి, ముందు వెళ్ళినవాళ్ళ స్కీలకి వాలు మలుపులో గాడిపడి ఉంది. ఆడవాళ్ళు మెట్ల మీద చేపముక్కలు నములుతూ కూర్చున్నారు. ఓక్‌నామ్ అట్ట పట్టుకుని వాలు మలుపు దగ్గర కంచెకి ఆనుకుని నిలబడింది. జనం ఆమెని చూశారు, అట్ట చదివారు. కొందరు నవ్వి, చేత్తో నోరు మూసుకుని చూపించారు. దగ్గర్లో ఒక పొడుగాటి విదేశీయుడు ఆవు మెడగంట ఒకటి పట్టుకుని ఉన్నాడు. అతను అట్టని రెండుసార్లు చదివాడు. తలమీది ఊలుటోపీ తీసి గంట లోపల కుక్కాడు. ఆ చలిలో బోడిగుండుతో నిలబడ్డాడు.

మొదటి చుట్టులో ముందు గొంతు వచ్చింది. మనుషులు ఇంకా చెట్ల వెనకే ఉన్నారు, యున్‌సోల్ మాట మాత్రం వాలు మీదుగా తేటగా దిగింది. “హొప్, హొప్, దిగుతున్నాం, ఎడమ, ఎడమ, ఇంకా ఎడమ, తిన్నగా.” గొంతు పూర్తిగా రాలేదు, కొసల్లో బొంగురుపోతోంది. అయినా వినబడింది. ఆ వెనకే ఎర్రటోపీతో దల్లె, మోకాళ్ళు వంచి, తల కాస్త పక్కకి వాల్చి, నీళ్ళు దిగినంత సులువుగా మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఓక్‌నామ్ నోట్లో ముక్క నమలడం మరిచిపోయింది. ఏడేళ్ళు. దీన్ని చూడకుండా ఏడేళ్ళు పందిట్లో చేపలు లెక్కపెట్టుకుంది తను.

రెండో చుట్టులో దల్లె పడింది.

మలుపు మొదట్లోనే ఎడమ స్కీ గాడిలోకి దిగింది. మనిషి పక్కకి ఒరిగి, భుజం మీద పడి, జారి, ఓక్‌నామ్‌కి పదడుగుల దూరంలో వచ్చి ఆగింది. కుడిచేతిలో కర్ర లేదు. మెట్ల మీద నలభై నోళ్ళు తెరుచుకున్నాయి. బొంగ్‌రే రెండు చేతులతో తన నోటిని తనే నొక్కేసుకుంది. ఒక్క చప్పుడు లేదు.

కర్ర కంచె వైపు పడి ఉంది. దల్లె చేతికి జానెడు దూరం. ఓక్‌నామ్‌కి కనబడుతోంది. ఎడమకమ్మా, ఇంకొంచెం ఎడమకి, అనే మాట గొంతులోకి వచ్చేసింది. ఇరవై ఐదేళ్ళుగా ఆ మాట ఆమె ప్రమేయం లేకుండానే వస్తుంది. ఆమె అట్టని చంకలో ఇరికించుకుని, ఊలు చేతితొడుగుని మొత్తం నోట్లో కుక్కుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాలు దానంతటదే కంచె కింది కొయ్య మీదికి ఎక్కింది. దాన్ని మళ్ళీ కిందికి దించడానికి ఆమె ఒళ్ళంతా పనిచేయాల్సి వచ్చింది.

యున్‌సోల్ ఆగి, మామూలుగా ఇంట్లో పక్కగదిలోంచి మాట్లాడినట్టు అంది. “నేనిక్కడే ఉన్నా అక్కా. నీకు నాలుగడుగుల ముందు. కర్ర నీ ఎడమచేతి పక్కన, కొంచెం వెనక్కి.”

దల్లె చేయి వెళ్ళింది. దొరికింది. కర్ర ఆనుకుని ఒక కాలు, తర్వాత ఇంకో కాలు సరిచేసుకుని లేచింది. లేచి, ఒక్క క్షణం ఆగి, చెవి మెట్ల వైపు తిప్పింది.

“ఇంత నిశ్శబ్దంగా ఉందేంటే,” అంది. “మావాళ్ళు రాలేదా?”

“వచ్చారు. అందరూ ఇక్కడే ఉన్నారు. పదక్కా. హొప్.”

దల్లె మొహం ఎలా మారిందో ఓక్‌నామ్ చూసింది. నల్లటి అద్దాల కింద నోరొక్కటే కనబడుతోంది. అది ముందు వణికింది, తర్వాత బిగుసుకుంది. ఆ వెంటనే కర్రలు రెండూ మంచులో దిగాయి. కూతురు ముందుకు తోసుకుంటూ వెళ్ళిపోతుంటే స్కీలు మంచుని కోసే చప్పుడు ఓక్‌నామ్‌కి వినబడింది. సుయ్, సుయ్ అని, ఒకదాని తర్వాత ఒకటి, ఎంత సమంగా ఉందో. కాళ్ళ చప్పుడు అని కూతురు అప్పుడెప్పుడో అన్నది దీన్నేనా అనుకుంది.

పదకొండుమందిలో దల్లె ఏడోది. గీత దాటి ఆమె మంచులో పడుకుండిపోవడం కంచె దగ్గరినుంచి చూసి, ఓక్‌నామ్ నోట్లోంచి తొడుగు తీసి, చెయ్యెత్తింది. అప్పుడు మొదలైంది. డోళ్ళు ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి అన్నం డబ్బాల మూతలు వాయించారు, మెట్లు తన్నారు, ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్నారు. విదేశీయుడు గంటలోంచి టోపీ లాగి పారేశాడు. బొంగ్‌రేకి అయితే గొంతులో చేపముల్లు అడ్డుపడి, నలుగురు వీపు మీద చరచాల్సి వచ్చింది. మింగుడుపడ్డాక, “ఏడో స్థానమా, అంతేనా,” అని అందరికన్నా గట్టిగా ఏడ్చింది.

గంట తర్వాత కంచె దగ్గర తల్లీకూతుళ్ళు కలిశారు. దల్లె ఒంటికి దుప్పటి కప్పుకుని ఉంది. అద్దాలు తీసేసింది. చెంప మీద పడ్డప్పటి గీత ఎర్రగా ఉంది. చేయి చాచింది. ఓక్‌నామ్ పట్టుకుంది.

“యున్‌సోల్ చెప్పేసిందా?” అంది దల్లె.

“చెప్పలేదు. దాన్నేమీ అనకు. నాకే తెలిసింది.”

“నేను పడ్డప్పుడు నువ్వెక్కడున్నావు?”

“అక్కడే. పదడుగుల దూరంలో.”

“కర్ర నీకు కనబడిందా?” అంది దల్లె.

“కనబడింది.”

“ఏమీ అనలేదే.”

“నోరు ఖాళీ లేదు,” అంది ఓక్‌నామ్. కూతురు నవ్వింది. ఓక్‌నామ్ కూడా నవ్వింది. దల్లె ఆమె తలని తన దుప్పట్లోకి లాక్కుంది. తల్లి ఎంత పొట్టిదో అప్పుడే తెలిసినట్టు, వీపంతా తడిమింది. “నీకు కష్టమైంది కదమ్మా,” అంది.

“చచ్చిపోయాననుకో.”

“ఎల్లుండి ఇంకోటుంది.”

“తెలుసు. అట్ట పారేయలేదు.”

అవతల బస్సు కదలబోతోంది. బొంగ్‌రే కిటికీలోంచి తల బయటపెట్టి, దల్లె అమ్మా, నిన్ను వదిలేసి పోతాం అని పిలుస్తోంది. ఓక్‌నామ్ చెయ్యి ఊపి వెళ్ళిపొమ్మంది. తర్వాతి బస్సుకి వస్తుంది.

“అమ్మా,” అంది దల్లె. “నాకొకటి చెప్పు. ఇన్నేళ్ళ నుంచి చేస్తున్నాను గానీ, నేనెలా ఉంటానో నాకు తెలీదు. యున్‌సోల్ నా ముందుంటుంది కాబట్టి దానికీ తెలీదు. కోచ్ మోకాలు, మోచెయ్యి అని తప్పులు చెబుతాడు. నువ్వు చెప్పు. ఎలా ఉన్నాను?”

ఓక్‌నామ్ కంచెకి ఆనుకుంది. కూతురి చెయ్యి వదల్లేదు. చెప్పాల్సింది చాలా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

“ముందు నువ్వు కనబడలేదు,” అంది. “చెట్ల వెనకనుంచి ఆ పిల్ల గొంతు వచ్చింది. తర్వాత నీ ఎర్రటోపీ. టోపీ కిందికీ పైకీ ఊగలేదు తెలుసా, ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు నేరుగా వచ్చింది. భుజాలు మాత్రం...”

“భుజాలేమైనాయి?”

“ఉండు, చెబుతున్నాగా,” అంది ఓక్‌నామ్.